భూమిని తూచిన కొండ

మన సంఘం సభ్యుల ఇళ్ళలో చాలామంది పిల్లలు ఇప్పుడు పైదేశాల్లో ఉంటున్నారు. వాళ్ళను చూడ్డానికి బ్రిటన్ వెళ్ళే అమ్మానాన్నలకు లండన్‌లో నాలుగు మేడలు, ఎడింబరోలో ఒక కోట చూపించి, దుకాణాల్లో తిప్పి, తిరిగి విమానం ఎక్కించడం ఆనవాయితీ అయిపోయింది. నేను చెప్పబోయేది కోట గురించి కాదు, ఒక కొండ గురించి. దాని పేరు షిహాలియన్. స్కాట్లండ్ నడిమధ్యన, పెర్త్‌షైర్ ప్రాంతంలో ఉంది. దాని మీద గుడి లేదు, మెట్లు లేవు, టీ కొట్టు లేదు. ఎత్తు 1083 మీటర్లు. బెంగుళూరు వారి నందికొండ 1478 మీటర్లు, బరంపురం వారికి దగ్గరి మహేంద్రగిరి 1501 మీటర్లు. ఆ లెక్కన చూస్తే ఇది వాటికి తమ్ముడే.

అయినా 1774లో ఈ కొండను ఆధారం చేసుకుని భూగోళం ఎంత బరువో లెక్క కట్టారు. భూమి లోపల డొల్లగా ఉందా, నిండుగా ఉందా అన్నది అప్పటికి తేలలేదు. డొల్లగా ఉండవచ్చునని 1692లో ఎడ్మండ్ హేలీ అంతటివాడే అన్నాడు. తోకచుక్కకు పేరిచ్చిన హేలీయే ఈయన. ఆ సందేహాన్ని తీర్చినది ఈ కొండ.

నేను చదివింది కామర్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. భౌతికశాస్త్రంతో నా పరిచయం హైస్కూలుతోనే ఆగింది. కాని ఈ కొండ కథ ఒక పుస్తకంలో చదివినప్పుడు, ఇది మా బ్యాంకు లెక్కలాగానే ఉందే అనిపించింది. ఎడింబరోలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి 2023 సెప్టెంబరులో మమ్మల్ని రమ్మన్నప్పుడు, ఆ కొండ ఎక్కించే పక్షంలో వస్తానన్నాను. "అది మెట్లున్న కొండ కాదు నాన్నా, చివరి మైలంతా రాళ్ళే" అంది. నా మోకాళ్ళ సంగతి దానికి తెలుసు. చివరికి ఒక ఒప్పందం మీద సరేనంది: మధ్యాహ్నం రెండు కొట్టేసరికి ఎక్కడుంటే అక్కడినుంచే వెనక్కి తిరగాలి, శిఖరం పదడుగుల దూరంలో ఉన్నా సరే.

ముందు ఆ లెక్క ఏమిటో చెప్పుకుందాం. అది తెలియకపోతే కొండ మామూలు కొండే.

తాపీమేస్త్రీ గోడ నిటారుగా ఉందో లేదో చూసుకోడానికి దారానికి ఒక గుండు కట్టి వేలాడదీస్తాడు. ఆ గుండు భూమి మధ్యభాగం వైపు చూస్తుందని మనం నమ్ముతాం. కాని ప్రతి వస్తువూ ప్రతి వస్తువునూ లాగుతుందని న్యూటన్ చెప్పాడు గదా. అయితే పెద్ద కొండ పక్కన వేలాడదీసిన గుండు వెంట్రుకవాసి అయినా కొండ వైపు ఒరగాలి. ఎంత ఒరిగిందో కొలిస్తే కొండ లాగుడుకూ భూమి లాగుడుకూ ఉన్న నిష్పత్తి తెలుస్తుంది. కొండ ఎంత పెద్దదో సర్వే చేసి తెలుసుకోవచ్చు. అప్పుడు భూమి ఎంత బరువైనదో బయటపడుతుంది.

చెప్పడం తేలిక. ఫ్రెంచి శాస్త్రవేత్త బూగే 1738లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం మీద ప్రయత్నించి, మంచుతో, గాలితో వేగలేక, ఒరుగుదల ఉందని మాత్రం చెప్పగలిగాడు. లండన్‌లోని రాయల్ సొసైటీ వారు దీనికోసం ఒక సంఘం వేసి, అనువైన కొండను వెతకమని 1773లో చార్లెస్ మేసన్ అనే సర్వేయరును పంపారు. అమెరికాలో మేసన్–డిక్సన్ సరిహద్దు గీసినది ఆయనే. ఆయన తిరిగి తిరిగి షిహాలియన్‌ను ఎంచాడు. చుట్టుపక్కల పెద్ద కొండలేవీ దీన్ని ఆనుకుని లేవు. తూర్పు పడమరలుగా పొడుగ్గా పడుకుని ఉంది. ఉత్తరాన, దక్షిణాన రెండు వైపులా ఏటవాలుగా దిగిపోతుంది. గుండును రెండు పక్కలా వేలాడదీయడానికి ఇంతకన్న మంచి కొండ దొరకదు.

డబ్బెక్కడిది? 1769లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించడానికి మూడో జార్జి రాజు ఇచ్చిన సొమ్ములో కొంత మిగిలింది. రాజుగారి అనుమతితో ఆ మిగులు దీనికి వాడారు. ఒక పద్దు కింద మంజూరైన సొమ్మును మరో పద్దుకు మళ్ళించడానికి మాలాంటివాళ్ళం ఎన్ని కాగితాలు నింపాలో తలచుకుని, ఆ రాజుగారికి మనసులోనే ఒక నమస్కారం పెట్టుకున్నాను.

మేసన్ ఆ పని తాను చేయనన్నాడు. దాంతో గ్రీనిచ్ వేధశాల అధిపతి నెవిల్ మాస్కెలిన్ స్వయంగా 1774 వేసవిలో అక్కడికి వెళ్ళాడు. నిరూపణ ఇలా సాగింది. కొండకు దక్షిణాన ఒక వేధశాల, ఉత్తరాన ఒక వేధశాల, రెండూ గుడిసెలే, కట్టుకున్నారు. పదడుగుల పొడవున్న దుర్భిణీ సాధనంతో నడినెత్తిన కనిపించే నక్షత్రాలను రెండుచోట్లా కొలిచారు. నడినెత్తి ఎక్కడో చెప్పేది గుండు దారమే. ఆ దారం కొండ వైపు ఒరిగితే నడినెత్తి కూడా తప్పుగా కనిపిస్తుంది. నక్షత్రాలు మాత్రం కొండకు లొంగవు.

నక్షత్రాల లెక్క ప్రకారం రెండు వేధశాలల మధ్య ఎడం 54.6 సెకన్లు వచ్చింది. ఇది గడియారం సెకను కాదు, డిగ్రీలో 3600వ వంతు. నేల మీద గొలుసులు పరిచి, త్రిభుజాలు గీసి కొలిస్తే ఆ ఎడం 42.9 సెకన్లే ఉండాలి. తేడా సుమారు 11.6 సెకన్లు. అంటే ఒక్కో వైపు గుండు ఆరు సెకన్ల లోపే ఒరిగింది. పదడుగుల దారానికి చివర అది మిల్లీమీటరులో పదోవంతు కూడా కాదు.

నాకు నచ్చినది ఇక్కడే. మా ఉద్యోగంలో రెండు పుస్తకాల మధ్య తేడా వస్తే అది దోషం. దాన్ని వెతికి, పట్టుకుని, సరిచేసేదాకా ఇంటికి వెళ్ళే వీల్లేదు. రాత్రి పది గంటలదాకా వోచర్లు తిరగేసిన రోజులు నాకెన్నో ఉన్నాయి. మాస్కెలిన్ మాత్రం రెండు పుస్తకాలు వేరు వేరుగా రాసి, అవి టాలీ కాకూడదని కోరుకున్నాడు. టాలీ అయి ఉంటే నాలుగు నెలల శ్రమ వృథా. ఆ తేడాయే భూమి బరువు.

ఇక ఆ రోజు సంగతి. ఎడింబరో నుంచి పిట్లాక్రీ అనే చిన్న ఊరిదాకా మంచి రోడ్డు. మా ఆవిడ అక్కడే ఆగిపోతానంది. ఆమెను ఊళ్ళో దింపి, ఆమె కట్టిచ్చిన పులిహోర పొట్లాలు తీసుకుని, మేమిద్దరం టమ్మెల్ సరస్సు పక్కనుంచి ముందుకు వెళ్ళాం. సరస్సు చివర క్వీన్స్ వ్యూ అనే చోటునుంచి కొండ మొదటిసారి కనిపించింది. అక్కడినుంచి చూస్తే అచ్చు విభూతి ముద్దను మొనదేల్చి నిలబెట్టినట్టుంటుంది. బ్రేస్ ఆఫ్ ఫాస్ అనే చోట కార్లు ఆపే స్థలం చేరేసరికి ఆ మొన మాయమై, పడుకున్న ఏనుగు వీపులా పొడుగ్గా కనిపించింది. ఒకే కొండకు రెండు ఆకారాలు. గేలిక్ భాషలో దాని పేరుకు కాలిడోనియన్ల యక్షిణుల గుట్ట అని అర్థం చెబుతారు. ఆకారాలు మార్చేది యక్షిణులు కాక మరెవరు!

కార్ల స్థలం దగ్గర మాస్కెలిన్ పేర ఒక స్మారక ఫలకం ఉంది. పది గంటలకు నడక మొదలుపెట్టాం. మొదట అడవి అంచున, తరువాత బీడు మీదుగా దారి. హెదర్ అనే పొట్టి పొద నేలంతా పరుచుకుని ఉంటుంది. ఆగస్టులో ఊదారంగు పూలతో నిండే ఆ పొదలు మేం వెళ్ళేసరికి తుప్పు రంగుకు తిరుగుతున్నాయి. అందువల్ల మాకొక మేలు జరిగింది. మిడ్జీలు అనే మిల్లీమీటరు దోమలు అప్పటికి తగ్గిపోయాయి.

ఆ దారి గురించి రెండు మాటలు చెప్పాలి. కొండ తూర్పు భాగాన్ని 1999లో జాన్ మ్యూర్ ట్రస్టు అనే సంస్థ కొన్నది. అప్పటికి పాత దారి వేలాదిమంది అడుగులకు కోసుకుపోయి, తడి నేలలో బురద కాలువలా తయారైంది. బురద తప్పించుకోడానికి ఒక్కొక్కరూ పక్కకు నడవడంతో మరింత వెడల్పయింది. కొండ మీద ఆ గాటు దూరంనుంచే కనిపించేదట. ట్రస్టు వారు దాన్ని మూసి, పక్కగా కొత్త దారి వేశారు. 2003లో ఆ పని పూర్తయింది. రాళ్ళను చేత్తో పేర్చి, నీరు పక్కకు పోయేలా అడ్డంగా చిన్న చిన్న కాలువలు తీసి, ఎంత శ్రద్ధగా కట్టారంటే, అది కట్టిన దారి అని తోచదు. ఎక్కడా సిమెంటు లేదు, కమ్మీ లేదు, దాత పేరు చెక్కిన పలక లేదు. మన కొండల మీద మెట్టుకొక దాత పేరు చూసి చూసి అలవాటైన కళ్ళకు ఇది కొత్తగా ఉంది. పాత గాటు మీద మళ్ళీ పచ్చదనం వచ్చింది. ఎక్కడుండేదో మా అమ్మాయి చూపిస్తేగాని నాకు తెలియలేదు.

రెండు గంటలపాటు ఆ దారి మమ్మల్ని చేయిపట్టి నడిపించినట్టు నడిపించింది. తరువాత చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. ఎదురుగా రాళ్ళు. చిన్నవి గోలెమంత, పెద్దవి బీరువాలంత. తెల్లగా, పలుగురాయి జాతివి, అంచులు పదునుగా ఉన్నవి, కొన్ని కాలు పెట్టగానే కదిలేవి. శిఖరందాకా దాదాపు మైలు దూరం ఇదే వరస. అక్కడినుంచి నడక అనడానికి వీల్లేదు. ఒక్కో అడుగూ చూసి, రాయిని తొక్కి పరీక్షించి, రెండు చేతులూ ఆన్చి పోవలసిందే. లక్షల సంవత్సరాల మంచూ గడ్డకట్టడం, కరగడం కలిసి ఆ బండలను ఇలా పగలగొట్టాయి.

సరిగ్గా అప్పుడే పడమటినుంచి మేఘం వచ్చింది. మేఘం మన తలమీద ఉండటం వేరు, మన చుట్టూ ఉండటం వేరు. ఇరవై అడుగుల అవతల ఏమీ లేదు. ముందు ఒక గుట్ట కనిపిస్తుంది, అదే శిఖరమనుకుని ఆయాసపడుతూ ఎక్కుతాం, ఎక్కాక దాని వెనక మరొకటి లేస్తుంది. రెండుసార్లు అలా అయ్యాక, డెబ్బై ఏళ్ళు దాటినట్టున్న ఒకావిడ కుక్కను వెంటబెట్టుకుని పైనుంచి దిగుతూ ఎదురైంది. ఇంకా ఎన్ని గుట్టలున్నాయని అడిగాను. "నాలుగు అనుకోండి, నిరాశ పడరు" అంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, దిగేటప్పుడు గట్టు నడుమనే ఉండమనీ, దక్షిణం వైపు జారిపోతే దారి దొరకదనీ గట్టిగా చెప్పింది.

గడియారం ఒంటిగంట దాటింది. గాలి పెరిగింది. మా అమ్మాయి మాట్లాడకుండా నా మోకాళ్ళ వైపు చూసింది. వెనక్కి తిరుగుదామని అది అంటే తిరిగేవాణ్ణే. కాని ఒప్పందం రెండు గంటలకు గదా, ఇంకా సమయముంది గదా అన్నది నా వాదన. "రెండంటే రెండే నాన్నా" అంది. బ్యాంకులో గడువు తేదీ దాటాక వచ్చిన ఖాతాదారుతో నేను మాట్లాడే గొంతు అది. నేర్పింది నేనే కాబట్టి ఏమీ అనలేకపోయాను.

ఒంటిగంటా ముప్ఫై అయిదుకు పైకి చేరాం. శిఖరమంటే చదునైన మైదానం కాదు, నలుగురు కూర్చుంటే నిండిపోయే రాతి మొన. పడమట రానక్ సరస్సు, దాని వెనక రానక్ బీడు, అక్కడినుంచి గ్లెన్‌కో కొండలదాకా కనిపిస్తాయని పుస్తకాల్లో ఉంది. మాకు కనిపించినది తెల్లటి మేఘం. ఒక రాతి చాటున కూర్చుని చల్లారిన పులిహోర తిన్నాం. మాస్కెలిన్‌కు కూడా ఈ కొండ మీద చాలా రోజులు మేఘమే దక్కింది. నక్షత్రం కనిపించే రాత్రికోసం ఎదురుచూస్తూ ఆయన ఆ గుడిసెల్లో నాలుగు నెలలు గడిపి 337 పరిశీలనలు రాసుకున్నాడు. మేం పావుగంట కూర్చోలేకపోయాం. చలి అంత గట్టిది.

దిగడం ఎక్కడంకన్న కష్టం. ఆ పెద్దావిడ చెప్పినట్టు గట్టు నడుమనే ఉన్నాం. నాకు కుడి మోకాలు పట్టేసింది. రాళ్ళు దాటడానికే గంటన్నర పట్టింది. మా అమ్మాయి ప్రతి రాయి మీదా ముందు తాను నిలబడి చూసి, కదలదని రూఢి చేసుకుని, "ఇది మంచిది, రండి" అంటూ పిలిచింది. మేఘం అంచు కిందికి దిగాక టమ్మెల్ సరస్సు ఒక్కసారిగా కింద వెలిగింది. ఆ వెలుగులో కొండ ఉత్తరపు వాలు స్పష్టంగా కనిపించింది. ఉత్తర వేధశాల నిలిచినది ఆ వైపే.

ఆ వేధశాల గురించి ఆ ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. పని ముగిశాక అందరికీ విందు చేశారట. మద్యం ప్రవహించింది, డంకన్ రాబర్ట్‌సన్ అనే స్థానికుడు ఫిడేలు వాయించాడు, ఆ సందడిలో గుడిసె అంటుకుని కాలిపోయింది, దానితో ఫిడేలు కూడా. మాస్కెలిన్ లండన్ వెళ్ళాక అతనికి కొత్త ఫిడేలు పంపించాడనీ, అతను దానిమీద గేలిక్‌లో పాట కట్టాడనీ అంటారు. నష్టపరిహారం సకాలంలో, దరఖాస్తు లేకుండా అందిన అరుదైన ఉదాహరణ ఇది.

మిగిలినవారికి అంత న్యాయం జరగలేదు. నక్షత్రాలు చూసినది మాస్కెలిన్. ఆయనకు 1775లో రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకం వచ్చింది. అందులో తప్పేమీ లేదు, అర్హుడే. కాని వానలో, గాలిలో కొండ చుట్టూ తిరిగి, గొలుసులు లాగి, కోణాలు కొలిచినవాళ్ళు రూబెన్ బర్రో, విలియం మెంజీస్ అనే ఇద్దరు. ఆ అంకెల గుట్టను తీసుకుని కొండ మొత్తం లాగుడు ఎంతో గుణించి తేల్చినవాడు చార్లెస్ హట్టన్. ఆయన న్యూకాసిల్ బొగ్గుగనుల కుటుంబంనుంచి వచ్చి, గనిలో పనిచేసి, బడిపంతులై, గణిత ఆచార్యుడైనవాడు. కాగితం మీద చుక్కలుగా పడిఉన్న వేలాది ఎత్తులతో తికమకపడి, ఒకే ఎత్తున్న చుక్కలను గీతతో కలిపి చూశాడు. కొండ ఆకారం కళ్ళకు కట్టింది. ఈనాడు ప్రతి సర్వే పటంలోనూ కనిపించే కాంటూరు గీతలు ఆ తరువాత బాగా వ్యాపించాయి. 1778లో ఆయన ఫలితం ప్రకటించాడు: భూమి సగటు సాంద్రత కొండ సాంద్రతకు తొమ్మిదికి అయిదో వంతు, అంటే 1.8 రెట్లు. కొండరాయి నీటికి రెండున్నర రెట్లు బరువనుకుంటే భూమి నాలుగున్నర రెట్లు. ఈనాటి లెక్క 5.5. అయిదోవంతు తక్కువ చెప్పాడన్నమాట. దారం, గుండు, గొలుసుతో చేసిన పనికి అది తక్కువేమీ కాదు. భూమి డొల్ల కాదనీ, లోపల రాయికన్న బరువైనదేదో ఉందనీ, అది లోహం కావచ్చుననీ దానితో తేలింది. 1798లో కేవెండిష్ అనే ఆయన గదిలో సీసం గుండ్లతో ఇంకా మెరుగైన అంకె, 5.45 సాధించాడు.

బర్రోకు మాత్రం తన కష్టాన్ని ఎవరూ గుర్తించలేదన్న బాధ ఉండిపోయింది. లెడ్జర్లు రాసినవాడొకడు, సంతకం పెట్టినవాడొకడు అయితే ఏ ఆఫీసులోనైనా ఇంతే. ఆ బర్రో తరువాత ఎక్కడికి వెళ్ళాడో తెలిసి నేను ఆశ్చర్యపోయాను. 1782లో ఓడెక్కి మన దేశానికి వచ్చాడు. బెంగాల్‌లో ఇంజినీర్లకు గణితం బోధించాడు, ఆసియాటిక్ సొసైటీ తొలి సభ్యుల్లో ఒకడయ్యాడు, సంస్కృతం నేర్చుకున్నాడు. బైనామియల్ సిద్ధాంతం హిందువులకు ముందే తెలుసునని 1790లో వ్యాసం రాశాడు. షిహాలియన్ చుట్టూ గొలుసు లాగిన ఆ చేతులతోనే బెంగాల్‌లో భూమి మీద డిగ్రీ పొడవు కొలిచాడు. 1792లో బక్సర్‌లో కన్నుమూశాడు.

ఆ తరువాత పదేళ్ళకు, 1802 ఏప్రిల్ 10న, విలియం లాంబ్టన్ మద్రాసు పరంగిమలై దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టాడు. ఆ సర్వే దక్కను మీదుగా పాకుతూ హిమాలయాలదాకా వెళ్ళింది. లాంబ్టన్ అది చూడలేదు. 1823లో వార్ధా దగ్గరి హింగన్‌ఘాట్‌లో పోయాడు. మహారాష్ట్ర శాఖ సభ్యులు అటు వెళ్తే ఆయన సమాధి చూడవచ్చు. హిమాలయాల దగ్గరికి చేరేసరికి షిహాలియన్ తంటాయే మళ్ళీ వచ్చింది. నక్షత్రాల లెక్కకూ నేల లెక్కకూ అయిదు సెకన్ల పైచిలుకు తేడా. కలకత్తా ఆర్చిడీకన్ ప్రాట్ 1855లో కూర్చుని గుణిస్తే, అంతటి హిమాలయాలు దాదాపు పదహారు సెకన్లు లాగాలని వచ్చింది. ఈసారి తేడా రావడం సమస్య కాదు, రావలసినంత రాకపోవడం సమస్య. నీటిలో తేలే దుంగకు మునిగిన భాగం ఉన్నట్టే పర్వతాలకు కింద తేలికైన వేళ్ళున్నాయని అదే సంవత్సరం ఎయిరీ అనే ఆయన దీనికి సమాధానం చెప్పాడు.

వెళ్ళదలచినవారికి కొన్ని సంగతులు. రానుపోను సుమారు పది కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 750 మీటర్ల వరకు. అయిదారు గంటలు ఉంచుకోండి, నా వయసువారు ఏడు. మడమ కప్పే బూట్లు, వాన కోటు, కాగితం పటం, దిక్సూచి తప్పనిసరి. పైన మేఘం కమ్మితే ఫోనును నమ్ముకోవద్దు. చీరతో ఆ రాళ్ళు ఎక్కడం కుదరదు, సల్వార్ కమీజు కూడా గాలికి ఇబ్బందే. పైకి వెళ్ళలేనివారు రాళ్ళు మొదలయ్యే చోటిదాకా వెళ్ళి వచ్చినా మంచి నడకే, దారి అంత బాగుంది. నీళ్ళు, తిండి మోసుకుపోవాలి. పులిహోరలో వేరుశనగపప్పు కొంచెం ఎక్కువ వేయించుకోండి, ఆ చలికి అది పనికొస్తుంది.